ఊరికి గిగాబిట్ ఇంటర్నెట్: అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలోని నార్త్ కరోలినాలో ఫైబర్ (ఇంటర్నెట్‌ను వెలుగు రూపంలో మోసే గాజుపోగుల తీగ) నెట్‌వర్కులు డిజైన్ చేసే ఇంజినీర్ని. ఏ వీధిలో కేబుల్ స్తంభాల మీదుగా వెళ్లాలి, ఎక్కడ భూమిలోకి దిగాలి, ఒక్కో పెట్టె నుంచి ఎన్ని ఇళ్లకు తీగ లాగాలి అన్నది మ్యాపుల మీద గీయడం నా ఉద్యోగం. ఇక్కడ క్యారీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరింట్లో ఫంక్షన్‌కి వెళ్లినా "మా వీధికి ఫైబర్ ఎప్పుడొస్తుందండీ? పక్కనే ఇన్ని యూనివర్సిటీలున్నాయి, వాళ్ల నెట్ మనకీ ఇవ్వొచ్చు కదా?" అన్న ప్రశ్న తప్పదు. ప్రశ్నలో ఆశ ఉంది, న్యాయమూ ఉంది. కానీ దాని వెనక కొన్ని తప్పుడు అభిప్రాయాలు పాతుకుపోయాయి. వాటి గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: యూనివర్సిటీ తన ఇంటర్నెట్‌నే ఊరికి పంచిపెడుతుంది

ఇలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. 1993లోనే వర్జీనియా టెక్, బ్లాక్స్‌బర్గ్ పట్టణం, బెల్ అట్లాంటిక్ అనే ఫోన్ కంపెనీ కలిసి బ్లాక్స్‌బర్గ్ ఎలక్ట్రానిక్ విలేజ్ మొదలుపెట్టాయి. ఇంటర్నెట్ అంటే చాలామందికి తెలియని రోజుల్లో ఆ చిన్న ఊరివాళ్లు ఈమెయిల్ వాడారు. 2010లో క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న సుమారు వంద ఇళ్లకు గిగాబిట్ ఫైబర్, అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగం, ఇచ్చింది.

అయితే ఆ వంద ఇళ్లు ఒక ప్రయోగం. అంత వేగం ఇస్తే జనం ఏం చేస్తారో చూడటానికి పెట్టింది. ఊరంతటికీ అలా ఇవ్వడం కుదరదు. క్యాంపస్‌లను కలిపే ఇంటర్నెట్2 లాంటి నెట్‌వర్కులు చదువుకి, పరిశోధనకి ఉద్దేశించినవి. ఇంటింటికీ నెట్ అమ్ముకునే వ్యాపారానికి కావు. పైగా రాత్రి పదకొండింటికి నెట్ పోయిందని ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు, గాలివానకు తెగిన తీగ కోసం బకెట్ ట్రక్ వేసుకుని వెళ్లేవాళ్లు యూనివర్సిటీ దగ్గర ఉండరు.

మరి యూనివర్సిటీ ఇచ్చేదేమిటి? గిరాకీ ఇస్తుంది. 2010లో అమెరికా జాతీయ బ్రాడ్‌బ్యాండ్ ప్రణాళికను నడిపించిన బ్లెయిర్ లెవిన్, ఆ మరుసటి ఏడాది 30 వరకూ యూనివర్సిటీలను కూడగట్టి గిగ్.యూ అనే ప్రయత్నం మొదలుపెట్టారు. ఆయన లెక్క సూటిగా ఉంటుంది. కంపెనీ ఒక ఊరికి రావాలంటే రెండు చూస్తుంది: తవ్వి తీగ వేయడానికి ఎంత ఖర్చవుతుంది, వేశాక ఎంతమంది కనెక్షన్ తీసుకుంటారు. యూనివర్సిటీ ఊళ్లో విద్యార్థులు, ప్రొఫెసర్లు, ఆసుపత్రులు, ల్యాబులు ఉంటాయి కాబట్టి రెండోదానికి భరోసా ఉంది. మొదటి ఖర్చును తగ్గించడం మున్సిపాలిటీ చేతిలో ఉంది. ఇద్దరూ కలిసి ఒకే టెండర్ పిలిస్తే కంపెనీకి లెక్క కుదురుతుంది.

మా ప్రాంతంలో జరిగింది సరిగ్గా ఇదే. డ్యూక్, ఎన్‌సీ స్టేట్, చాపెల్ హిల్‌లోని యూఎన్‌సీ, వేక్ ఫారెస్ట్, ఈ నాలుగు యూనివర్సిటీలూ క్యారీ, రాలీ, డర్హమ్, చాపెల్ హిల్, కార్‌బరో, విన్‌స్టన్-సేలమ్ అనే ఆరు పట్టణాలూ ఒక్కటై 2013లో టెండర్ పిలిచాయి. 2014లో ఏటీ అండ్ టీ ముందుకొచ్చింది. 2015 జనవరిలో గూగుల్ ఫైబర్ కూడా రాలీ-డర్హమ్‌కి వస్తున్నట్టు ప్రకటించింది. ఒక కంపెనీ అడుగు పెట్టాక రెండోది ఊరుకోదు. ఇవాళ మన వీధుల్లో కనిపిస్తున్న పోటీకి ఆ టెండర్‌తో చాలా సంబంధం ఉందని నా నమ్మకం.

అపోహ: డబ్బు, టెక్నాలజీ ఉంటే చాలు, ఫైబర్ వేయడం ఎంతసేపు

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే, నన్ను బాగా బాధపెట్టేది కూడా ఇదే.

ఫైబర్ అతికించడం చూస్తే నిజంగానే ముచ్చటేస్తుంది. వ్యాన్ వెనక చిన్న బల్ల మీద కూర్చుని, వెంట్రుక మందం ఉన్న గాజుపోగు మీది పూత తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, కొసను నిటారుగా తెంపి, రెండు కొసలనూ మెషిన్‌లో ఎదురెదురుగా పెడతారు. చిన్న మెరుపు వస్తుంది. అతుకు దగ్గర వెలుగు ఎంత పోతోందో తెరమీద కనిపిస్తుంది, 0.02 డెసిబెల్ అలా ఉంటుంది, అంటే దాదాపు ఏమీ పోనట్టే. చేయి తిరిగినవాళ్లకు నిమిషాల్లో పని.

ఆ వ్యాన్ వీధిలోకి రావడానికి ముందే నెలలు గడిచిపోతాయి. స్తంభాల సంగతే చూడండి. అమెరికాలో కరెంటు స్తంభం మీద పైభాగం విద్యుత్ తీగలది. దాని కింద 40 అంగుళాలు ఖాళీగా వదలాలి, ఫోన్, కేబుల్ వాళ్లు పనిచేసేటప్పుడు షాక్ కొట్టకుండా. ఆ కింద ఫోన్ కంపెనీ తీగ, టీవీ కేబుల్ తీగ ఉంటాయి. కొత్తగా వచ్చేవాడికి చోటు లేకపోతే పాతవాళ్లు తమ తీగల్ని పైకో కిందకో జరపాలి. దీన్నే మేక్ రెడీ అంటాం. స్తంభం ఒకరిది, దానిమీద తీగలు ముగ్గురివి. ఒక్కొక్కరూ తమ మనిషిని తాము పంపి తమ తీగను తాము జరుపుకుంటారు, అదీ ఒకరి తర్వాత ఒకరు. ఆ తీగను జరపాల్సింది రేపు తన కస్టమర్లను లాక్కుపోయే పోటీదారు కోసం అయినప్పుడు ఎవరు తొందరపడతారు? స్తంభం పాతబడి ఉంటే మొత్తం మార్చాలి, ఆ ఖర్చు ఎవరిదన్నది ఇంకో పేచీ. నేను చేసిన ఒక డిజైన్‌లో వీధంతా ఏడాది ముందే సిద్ధమైంది. మధ్యలో నాలుగు స్తంభాలు తేలక జనం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

అందుకే 2016లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరం ఒక నిబంధన తెచ్చింది: కొత్త కంపెనీ నియమించుకున్న అర్హులైన కార్మికులే ఒకే విడతలో అందరి తీగలూ జరిపేయవచ్చు. కోర్టు దాకా వెళ్లినా అది నిలబడింది. 2018లో కేంద్ర నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ చాలా రాష్ట్రాలకు ఇలాంటి పద్ధతి తెచ్చింది. కాకపోతే స్తంభాల నియమాలు సొంతంగా చూసుకునే రాష్ట్రాలకు, మున్సిపాలిటీల, సహకార సంఘాల స్తంభాలకు ఆ నిబంధన వర్తించదు.

స్తంభాలతో ఇంత తలనొప్పి కదా, తవ్వేద్దాం అంటారా? అదే లూయీవిల్‌లో గూగుల్ ఫైబర్ ఖర్చు తగ్గించుకోవడానికి రోడ్డు మీద రెండు అంగుళాల లోతు మాత్రమే కోసి ఫైబర్ పెట్టింది. కొద్ది కాలానికే తీగలు బయటికి తేలాయి. 2019లో సర్వీసు ఆపేసి ఊరు వదిలి వెళ్లింది, రోడ్లు బాగు చేయడానికి నగరానికి 38 లక్షల డాలర్లకు పైగా చెల్లించింది. అంత పెద్ద కంపెనీకి డబ్బుకి, టెక్నాలజీకి ఏం లోటు చెప్పండి?

మున్సిపాలిటీ నిజంగా సాయపడగలిగేది ఇక్కడే. నీళ్ల పైపు కోసమో, ఫుట్‌పాత్ కోసమో రోడ్డు తవ్విన ప్రతిసారీ తర్వాత ఫైబర్ దూర్చడానికి వీలుగా ఖాళీ డక్ట్ (గొట్టం) ఒకటి పడేసి ఉంచాలి. పర్మిట్ కాగితాలు చూసే మనిషిని ఒకరిని ప్రత్యేకంగా పెట్టాలి. ఇవి పేపర్లో వచ్చే పనులు కావు. కానీ నెట్ త్వరగా వచ్చిన ఊళ్లలో ఎవరో ఒకరు ఈ పనుల్ని పట్టుబట్టి చేయించారు.

అపోహ: ప్రెస్ మీట్ పెట్టారంటే వచ్చేసినట్టే

2012లో సియాటిల్ నగరం, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, గిగాబిట్ స్క్వేర్డ్ అనే కంపెనీ కలిసి పెద్ద ప్రకటన చేశాయి. కంపెనీ పెట్టుబడి సమకూర్చుకోలేకపోయింది. ఏడాదిన్నర తిరక్కుండానే అంతా ఆగిపోయింది. ఇంజినీరింగ్ పనికి నగరానికి కట్టాల్సిన 50 వేల డాలర్ల పైచిలుకు బాకీ కూడా మిగిలింది. యూనివర్సిటీ పేరు ఉన్నంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదు.

అపోహ: గిగాబిట్ తీసుకున్నా ఫోన్‌లో 300 మెగాబిట్లే వస్తున్నాయి, ఇదంతా మోసం

చాలావరకు మోసం కాదు. గోడలు దాటుకుని వచ్చే వైఫై అది. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కి తీగతో కలిపి చూడండి, తేడా తెలుస్తుంది. ఇంకో అనుమానం, "ఒకే ఫైబర్‌ని 32 ఇళ్లకు పంచుతారటగా" అని. అవును, పంచుతాం. జీపాన్ పద్ధతిలో సుమారు రెండున్నర గిగాబిట్లు ఒక ఫైబర్ మీద వస్తాయి, వీధి చివర పెట్టెలో కరెంటు అవసరం లేని స్ప్లిటర్ ఆ వెలుగును విడగొడుతుంది. అపార్ట్‌మెంట్ ట్యాంకు నుంచి అన్ని ఫ్లాట్లకూ నీళ్లు వచ్చినట్టే ఇదీ. అందరూ ఒకేసారి కుళాయి పూర్తిగా తిప్పరు. కొత్తగా వేసేవాటిలో ఎక్స్‌జీఎస్-పాన్ అనే పద్ధతి వాడుతున్నారు, అందులో రెండు వైపులా పది గిగాబిట్లు. మీరు అడగాల్సింది అప్‌లోడ్ వేగం ఎంత అని. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు, ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాళ్లకు కేబుల్ కనెక్షన్‌తో ఇబ్బంది వచ్చేది అక్కడే.

అపోహ: ఇది ప్రైవేటు కంపెనీల పని, మున్సిపాలిటీ చేతికిస్తే ప్రజల సొమ్ము గంగపాలు

టెనెసీలోని చటనూగాలో ఊరి కరెంటు సంస్థ ఈపీబీ, 2010లోనే తన పరిధి అంతటా గిగాబిట్ ఇచ్చింది. కేంద్రం స్మార్ట్ గ్రిడ్ కోసం ఇచ్చిన 11 కోట్ల డాలర్లకు పైగా సాయం అందుకు తోడైంది. అదే ఫైబర్‌తో కరెంటు లైన్లలోని స్విచ్‌లు వాటంతట అవే పనిచేసి, గాలివానల్లో చాలా ఇళ్లకు కరెంటు పోకుండా కాపాడుతున్నాయి. 2020లో ఆ ఊరి పేద విద్యార్థుల ఇళ్లకు ఉచితంగా నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. సుమారు 28 వేల మంది పిల్లలకు అర్హత ఉంది. ఈపీబీ చేతిలో సొంత స్తంభాలున్నాయి, సొంత ట్రక్కులున్నాయి, ఇంటింటి బిల్లింగ్ ఉంది. అవేవీ లేని మున్సిపాలిటీ ఈ పనికి దిగితే మాత్రం జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి.

మా రాష్ట్రంలో విల్సన్ పట్టణం 2008లో గ్రీన్‌లైట్ పేరుతో సొంత ఫైబర్ పెట్టింది. మిగతా ఊళ్లు అదే బాట పట్టకుండా 2011లో రాష్ట్రం కఠినమైన చట్టం చేసింది. పక్కనున్న పైన్‌టాప్స్ అనే చిన్న ఊరికి విల్సన్ ఫైబర్ ఇస్తే, ఆ చట్టాన్ని నిలబెడుతూ 2016లో వచ్చిన కోర్టు తీర్పుతో ఆ కనెక్షన్లు పీకేసే పరిస్థితి వచ్చింది. ఊరివాళ్లు పోరాడితే మరుసటి ఏడాది శాసనసభ తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది. బాగా నడుస్తున్న నెట్‌ను కాగితం మీది రూలు కోసం తీసేయాలనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: వీధిలో తీగ పడితే అందరికీ అందినట్టే

ఇలినాయ్‌లో యూనివర్సిటీ, అర్బానా, షాంపేన్ పట్టణాలు కలిసి 2 కోట్ల 25 లక్షల డాలర్ల కేంద్ర సాయంతో యూసీ2బీ నెట్‌వర్క్ వేశాయి. వాళ్లు ఇళ్లకు మొదటి తీగలు లాగింది నెట్ వాడకం బాగా తక్కువగా ఉన్న పేద పేటల్లోకి. నెలకు 20 డాలర్లకే ఇచ్చారు. అయినా గడప గడపకూ తిరిగి చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే, బిల్లు ఎప్పుడు పెరుగుతుందోనన్న భయం ఉంటే, గుమ్మం ముందు ఫైబర్ ఉండి ఏం లాభం? తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల నెట్ బిల్లుకి కేంద్రం నెలకు 30 డాలర్లు ఇచ్చే పథకం 2024లో నిధులు లేక ఆగిపోయింది. ఆ తర్వాత ఈ సమస్య మళ్లీ ముందుకొచ్చింది.

మన దగ్గర సంగతి ఏమిటని కూడా కొందరు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, మొదట్లో నెలకు 149 రూపాయలకు కనెక్షన్ ఇచ్చింది. స్తంభాలు ప్రభుత్వ డిస్కంలవి కావడంతో నేను పైన చెప్పిన పేచీలు చాలావరకు తప్పాయి. ఇంటి దాకా తీసుకెళ్లే పని ఊళ్లో ఉన్న కేబుల్ ఆపరేటర్ల ద్వారా జరిగింది. యూనివర్సిటీ పాత్ర అందులో తక్కువ.

క్యారీలోనో డర్హమ్‌లోనో ఉన్నవాళ్లు ఒక పని చేయవచ్చు. టౌన్ కౌన్సిల్ మీటింగుల్లో ఎవరైనా లేచి మాట్లాడటానికి సమయం ఇస్తారు. అక్కడ వేగం ఎంత అని కాకుండా ఇవి అడగండి: మా పేటలో స్తంభాలు ఎవరివి? మేక్ రెడీకి గడువు పెట్టారా? వచ్చే ఏడాది తవ్వబోయే రోడ్లలో డక్ట్ వేస్తున్నారా? ఏ వీధుల్ని చివరికి వదిలేస్తున్నారు, ఎందుకు?