రీసెర్చ్ పేపర్ రాయడం: స్కాలర్ల అపోహలు, అసలు సంగతులు

తిరుపతిలో పరిశోధకులకు కొదవ లేదు. ఎస్వీయూ, పద్మావతి మహిళా వర్సిటీ, వెటర్నరీ వర్సిటీ, ఐఐటీ, ఐసర్... సబ్జెక్టులు వేరే కానీ, డ్రాఫ్టు పట్టుకుని వచ్చే స్కాలర్లు చెప్పే మాటలు మాత్రం అవే.

అపోహ: ఇంట్రడక్షన్ పూర్తయ్యాకే మిగతాది మొదలుపెట్టాలి.

నెలలు వృథా అయ్యేది ఇక్కడే. పరిచయం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అన్న వరస చదివేవాళ్ల కోసం. రాసేటప్పుడు అదే వరస పట్టుకోనక్కర్లేదు. ముందు టేబుళ్లు, గ్రాఫులు ఖరారు చేసుకోండి. ఒక్కోదాని కింద అది చెప్పే విషయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. వాక్యం రాకపోతే ఆ టేబుల్ తీసేయొచ్చు. ఆ తర్వాత ఫలితాలు, పద్ధతులు, చర్చ, ఇంట్రడక్షన్. అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) అన్నిటికన్నా చివర. అలాగని వచ్చిన ఫలితాన్ని బట్టి ప్రశ్నను మార్చేయమని కాదు, అది మోసం. ప్రయోగానికి ముందు వేసుకున్న ప్రశ్నే పేపర్లోనూ ఉండాలి.

వేరుశనగ మీద పేపరైతే మొదటి పేజీ 'భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం' దగ్గర బయల్దేరి నూనెగింజల చరిత్రంతా చుట్టేసి వస్తుంది. ఎడిటర్‌కు అదంతా ఎందుకు? ఇంతవరకు ఏం తెలుసు, ఏం తెలియదు, అందులో మీరు తేల్చబోయే ముక్క ఏది? ఈ మూడూ చెబితే చాలు.

అపోహ: హెవీ ఇంగ్లీషు ఉంటేనే స్టాండర్డ్.

'దిగుబడిపై జిప్సం ప్రభావమును మూల్యాంకనము చేయు దిశగా ప్రయత్నము గావించబడినది' అన్న ధోరణి ఇంగ్లీషు వాక్యం దాదాపు ప్రతి డ్రాఫ్టులోనూ తగులుతుంది. ఎంత వేశారు, ఎప్పుడు వేశారు, దేనితో పోల్చారు? ఒక్కటీ తెలియదు. 'ఎర్రనేలలో, ఊడలు దిగే దశలో హెక్టారుకు 500 కిలోల జిప్సం వేసి, వేయని మళ్ల దిగుబడితో పోల్చాం' అని రాస్తే ఇంకొకరు అదే ప్రయోగం చేసి చూసుకోగలరు. (రైతుతో మాట్లాడేటప్పుడు ఎకరాకు 200 కిలోలంటాం. జర్నల్‌కు హెక్టారు లెక్కే ఇవ్వండి.) 'మేం పోల్చాం' అని సూటిగా అనడానికి మొహమాటం వద్దు, చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయి.

పొడవు గురించి కూడా టెన్షన్ అనవసరం. డీఎన్ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్ 1953లో 'నేచర్'లో వేసిన పేపర్ ఒక పేజీకి కాస్త ఎక్కువ, అంతే.

అపోహ: సిమిలారిటీ (ఇతర రచనలతో పోలిక ఎంతో సాఫ్ట్‌వేర్ చూపే శాతం) 10 శాతం లోపు వస్తే కాపీ కానట్టే.

ఈ అంకె యూజీసీ 2018 నిబంధనల్లోది. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే థీసిస్‌ను ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన థీసిస్ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ సాఫ్ట్‌వేర్ పట్టుకునేది మాటల పోలికను మాత్రమే. ఇంకొకరి ఆలోచన తీసుకుని, పేరు చెప్పకుండా సొంత మాటల్లో రాస్తే రిపోర్టులో సున్నా రావచ్చు. అయినా అది దొంగతనమే.

శాతం తగ్గించాలని మాటలు మార్చే టూల్స్‌లో వేస్తే ఇంకా ఘోరం. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయి కూర్చున్న పేపర్లు నిజంగానే అచ్చయ్యాయి. మూలం చదివి, పక్కన పెట్టి, అర్థమైంది రాసి, సైటేషన్ (ఎక్కడి నుంచి తీసుకున్నారో ఆ వివరం) ఇవ్వండి. అర్థం కాకపోతే మళ్లీ చదవాల్సిందే, అడ్డదారి లేదు.

అపోహ: పేపర్ లేకపోతే పీహెచ్‌డీ రాదు.

యూజీసీ 2022 నిబంధనల్లో ఈ తప్పనిసరిని ఎత్తేసింది. మీ వర్సిటీ సొంత రూలు పెట్టుకుని ఉండొచ్చు, రీసెర్చ్ సెక్షన్‌లో కనుక్కోండి. అంతేగానీ డబ్బు కడితే మూడు రోజుల్లో వేస్తామనే జర్నల్ జోలికి మాత్రం పోవద్దు.

అపోహ: జర్నల్ 'మేజర్ రివిజన్' (పెద్ద మార్పులు చేసి పంపండి) అంటే మర్యాదగా వద్దన్నట్టే.

కాదు. వద్దనుకుంటే రిజెక్ట్ అనే రాస్తారు. రివ్యూయర్ (జర్నల్ తరఫున పేపర్ పరిశీలించే నిపుణుడు) కామెంట్లను ఒక్కొక్కటిగా కాపీ చేసి, దాని కిందే మీ జవాబు, ఏ పేజీలో ఏ లైను మార్చారో రాయండి. ఒప్పుకోలేని కామెంటుంటే కారణం చెప్పి కాదనొచ్చు. గైడు గారికి చూపించి, గడువులోపే పంపండి. గడువు చాలదనిపిస్తే ముందుగానే ఎడిటర్‌కు మెయిల్ పెట్టండి, చాలాసార్లు ఇస్తారు.