ఎవరి కమాను ఎవరిది? శైలుల పోలిక వెనకున్న పాత తగవు

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లో నోత్రదామ్ చర్చి పైకప్పు తగలబడింది. ఆ మంటలు ఆరాక సోషల్ మీడియాలో ఇంకో రకం మంట రాజుకుంది. చర్చి ముందువైపు కనిపించే జంట గోపురాల పద్ధతి సిరియాలో 5వ శతాబ్దంలో కట్టిన కల్బ్ లోజె చర్చిలో ఎప్పుడో ఉందని, లోపలి మొనదేలిన కమానులు అరబ్బుల దగ్గర నేర్చుకున్నవేనని ఒక వర్గం అంది. యూరప్ గొప్పదనాన్ని తక్కువ చేయడానికే ఈ మాటలన్నీ అని ఇంకో వర్గం తిప్పికొట్టింది. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఒకేలా లేవా అని నిలదీయడమే చాలామందికి వాదన అయిపోయింది.

ఫొటోలు కొత్తవి గానీ తగవు పాతదే. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ 1713 ప్రాంతంలోనే ఈ మాట అన్నాడు. నోత్రదామ్ లాంటి చర్చిలు కట్టిన, గోథిక్ అని పిలుస్తున్న పద్ధతిని సారసెన్ శైలి అనడమే సబబని, అంటే అది ముస్లింల నుంచి వచ్చిందని, క్రూసేడ్ యుద్ధాలకు వెళ్లినవాళ్లు దాన్ని వెంట తెచ్చారని రాశాడు. అంతకు ముందు 1550లో ఇటలీలో చిత్రకారుడు జార్జియో వసారి ఇంకా ఘాటుగా మాట్లాడాడు. రోమన్లు కట్టిందే కట్టడం, ఆ సన్నటి స్తంభాలూ మొనదేలిన కమానులూ గోత్‌లనే అనాగరికులు తెచ్చిపెట్టిన పీడ అని తేల్చేశాడు. గోత్‌ల చివరి రాజ్యం కూలాక నాలుగు వందల ఏళ్లకు గానీ ఆ పద్ధతి పుట్టలేదు. ఆ సంగతి ఆయనకు పట్టలేదు. నచ్చనిదాన్ని పరాయివాళ్ల ఖాతాలో వేయడం అక్కడి నుంచే అలవాటైంది.

తర్వాత 1764లో జర్మన్ పండితుడు వింకెల్‌మాన్ ప్రాచీన కళకు ఒక చరిత్ర రాశాడు. కళకు పుట్టుక, ఎదుగుదల, శిఖరం, పతనం ఉంటాయని, ఆ శిఖరం గ్రీకులదని ఆయన వాదన. ఆయన గ్రీసుకు ఎప్పుడూ వెళ్లలేదు. రోమ్‌లో ఉండి, ఎక్కువగా గ్రీకు విగ్రహాలకు రోమన్లు చెక్కించుకున్న నకళ్లు చూసి రాశాడు. వాటి మీది రంగులు ఎప్పుడో పోయాయి. దాంతో తెల్లటి పాలరాయే అందానికి కొలమానం అయి కూర్చుంది. ఆ నమ్మకం ఎంత బలమైనదంటే, 1937-38లో బ్రిటిష్ మ్యూజియంలో ఏథెన్స్ పార్థెనాన్ గుడి శిల్పాల్ని ఇంకా తెల్లగా కనిపించేలా రాగి పనిముట్లతో గీకేశారు. 2009లో అదే మ్యూజియం పరిశోధకులు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే, ఈజిప్టు నీలం అనే రంగు ఆనవాళ్లు అవే శిల్పాల మీద బయటపడ్డాయి.

19వ శతాబ్దంలో పోలిక ఒక శాస్త్రం అయింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. బానిస్టర్ ఫ్లెచర్ అనే పేరే ఉన్న తండ్రీకొడుకులు 1896లో తెచ్చిన వాస్తుచరిత్ర గ్రంథం ఇంగ్లిష్ చదివిన ప్రతి ఆర్కిటెక్ట్ బల్ల మీదా ఉండేది. దాని 1901 ఎడిషన్‌లో శైలుల్ని రెండుగా చీల్చారు. చరిత్ర ఉన్నవి యూరప్‌వి. చరిత్ర లేనివి భారత, చైనా, జపాన్, ఇస్లామిక్ శైలులు. చరిత్ర లేకపోవడం అంటే వాటికి ఎదుగుదల లేదని, పక్కకు పెరిగి ఆగిపోయాయని అర్థం. తర్వాతి ఎడిషన్లలో వచ్చిన చెట్టు బొమ్మలో గ్రీసు, రోమ్ మాను అయితే మిగతా లోకమంతా పక్క కొమ్మలు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ, తరాల తరబడి విద్యార్థులు కళ్లకద్దుకుని చదివింది దాన్నే.

ఇంతకీ పోలిక మానేయాలా? అక్కర్లేదు. దూరం నుంచి రూపం చూసి ఆగిపోకుండా, దగ్గరికెళ్లి రాయి రాయితో ఎలా కలిసిందో చూస్తే చాలా తగవులు వాటంతట అవే తేలిపోతాయి.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక గ్రీకు యువకుడి పాలరాతి విగ్రహం ఉంది. క్రీ.పూ. 590-580 నాటిది. ఎడమ కాలు ముందుకు, చేతులు తొడల పక్కకు, పిడికిళ్లు బిగించి, చూపు తిన్నగా. ఈజిప్టు రాజుల విగ్రహాలు అంతకు రెండు వేల ఏళ్ల ముందు నుంచీ ఇలాగే నిలబడి ఉన్నాయి. పోలిక కేవలం నిలబడే తీరులోనే లేదు. ఈజిప్టు శిల్పులు రాయి మీద గడులు గీసుకుని, ఏ గడిలో మోకాలు, ఏ గడిలో నడుము రావాలో ముందే తేల్చుకుని చెక్కేవారు. క్రీ.పూ. 7వ శతాబ్దం నాటికి పాదం నుంచి కంటి పైరెప్ప దాకా 21 గడులు. న్యూయార్క్ విగ్రహం కొలతలు ఆ లెక్కకు చాలా దగ్గరగా సరిపోతాయి. క్రీ.పూ. 1వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ ఒక కథ రాశాడు. ఇద్దరు గ్రీకు అన్నదమ్ములు ఒకరు సామోస్‌లో, ఒకరు ఎఫెసస్‌లో కూర్చుని చెరి సగం విగ్రహం చెక్కితే రెండూ అతికినట్టు కలిశాయట. ఈజిప్టు వాళ్లు శరీరాన్ని 21 భాగాలా పావుగా పంచే పద్ధతి వల్లే అది సాధ్యమైందని ఆయనే చెప్పాడు. కథ నిజమైనా కాకపోయినా లెక్క నిజం. నేర్చుకునే దారి కూడా ఉంది. ఫారో మొదటి సామెటికస్ సైన్యంలో అయోనియా (ఇప్పటి టర్కీ పడమటి తీరం) గ్రీకులు కిరాయి సైనికులుగా పనిచేశారు. నైలు డెల్టాలో నౌక్రాటిస్ అనే గ్రీకు వర్తక పట్టణమే వెలిసింది.

మరి ఇది కాపీయా? ఈజిప్టు రాతి విగ్రహానికి వెనక ఒక రాతి పలక ఆనుకుని ఉంటుంది. కాళ్ల మధ్య, చేతికీ నడుముకీ మధ్య రాయి అలాగే వదిలేస్తారు. విరగకూడదు, వేల ఏళ్లు నిలవాలి. గ్రీకు శిల్పి ఆ రాయంతా తొలిచేశాడు. వెనక ఆసరా తీసేసి, బట్టలు తీసేసి, బరువు రెండు కాళ్ల మీదే మోపాడు. అక్కడి నుంచి నూరేళ్లలో గ్రీకు విగ్రహం ఒక కాలి మీద బరువు వేసి నడుము వంచింది. అప్పు తెచ్చుకున్న చోటు, సొంత పని మొదలైన చోటు రెండూ ఒకే రాతిలో కనిపిస్తాయి. ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

కొన్నిసార్లు ఎవరు చేశారో కట్టించినవాడే రాసిపెడతాడు. పర్షియా చక్రవర్తి మొదటి డరయస్ సూసాలో తన మహలు కట్టించినప్పుడు వేయించిన శాసనంలో పనివాళ్ల చిట్టా ఉంది. రాతిపని అయోనియా, సార్డిస్ వాళ్లది. బంగారం పని మీడియా, ఈజిప్టు వాళ్లది. ఇటుకలు కాల్చింది బాబిలోన్ వాళ్లు. దేవదారు లెబనాన్ నుంచి, ఒక రకం కలప గాంధారం నుంచి, ఏనుగు దంతం కుష్ (ఈజిప్టుకు దక్షిణాన ఉన్న రాజ్యం), భారత్, అరకోసియా (ఇప్పటి కాందహార్ ప్రాంతం)ల నుంచి. ఇన్ని చేతులు కలిసిన దాన్ని ఇప్పుడు పర్షియన్ శైలి అంటున్నాం. తప్పేం లేదు. ఇన్నింటినీ కలిపి ఒక రూపం తెచ్చింది ఆ దర్బారే. డరయస్ అయితే ఈ జాబితాను గొప్పగా చెప్పుకున్నాడు. సొంతమా అరువా అన్న బెంగ ఆయనకు లేదు.

అశోకుడి స్తంభాలు పర్షియా నుంచి వచ్చాయన్న వాదన కూడా ఇక్కడే మొదలవుతుంది. నున్నటి మెరుపు, గంట ఆకారం, పైన జంతువులు. పోలిక ఉన్న మాట నిజమే. అయితే పర్షియా రాజుల నగరం పెర్సెపొలిస్ స్తంభాలు ముక్కలు ముక్కలుగా పేర్చినవి, నిలువునా గాడులు తీసినవి, కప్పును మోసేవి. గంట ఆకారం వాటికి అడుగున ఉంటుంది. అశోకుడివి ఏకశిలలు, గాడులు లేనివి, ఏ కప్పునూ మోయకుండా ఆరుబయట నిలిచినవి. గంట ఆకారం పైన, సింహాల కింద ఉంటుంది. పర్షియా నుంచి ఏదో వచ్చిందని నేనూ ఒప్పుకుంటాను. వచ్చింది స్తంభం మాత్రం కాదనుకుంటాను, దాని మీద రాజు మాట చెక్కించాలన్న ఆలోచన, ఆ రాతిని అద్దంలా మెరిపించే పనితనం.

గాంధార బుద్ధుడి తగవు గురించి చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. బుద్ధుడికి మనిషి రూపం ఇచ్చింది గ్రీకు ప్రభావమేనని ఫ్రెంచి పండితుడు ఫూషే 20వ శతాబ్దం తొలినాళ్లలో వాదించాడు. మథురలో స్థానిక యక్ష విగ్రహాల నుంచే ఆ రూపం వచ్చిందని 1927లో కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి గట్టిగా జవాబిచ్చాడు. ఒకవైపు వలస పాలన నాటి ధీమా, ఇంకోవైపు జాతీయోద్యమ కాలపు పట్టుదల. ఈ గొడవలో ఒక చిన్న విషయం మరుగున పడింది. వాయవ్యంలో గ్రీకు రాజ్యాలు క్రీ.శ. 1వ శతాబ్దం మొదట్లోనే ముగిశాయి. గాంధార బుద్ధ విగ్రహాలు జోరందుకుంది ఆ తర్వాత, కుషాణుల కాలంలో, రోమ్‌తో వర్తకం నడుస్తున్నప్పుడు. ఆ మడతల వస్త్రానికి దగ్గరి చుట్టం అలెగ్జాండర్ కాలపు గ్రీసు కంటే రోమే.

ఇక ఆ మొనదేలిన కమాను సంగతి. అర్ధవృత్తపు కమానుకు ఒక ఇబ్బంది ఉంది. వెడల్పు ఎంతైతే ఎత్తు అందులో సగమే. వెడల్పు వేరైన రెండు కమానుల్ని ఒకే ఎత్తుకు తేవడం కష్టం. మొన తేలిస్తే ఎత్తు మన చేతిలోకి వస్తుంది, పక్కకు తోసే బలం కూడా తగ్గుతుంది. కైరోలో 879 నాటికి పూర్తయిన ఇబ్న్ తులూన్ మసీదు నిండా ఈ కమానులే. ఫ్రాన్స్‌లో 1088లో మొదలైన క్లూనీ మఠం పెద్ద చర్చిలో ఇవి కనిపిస్తాయి. మధ్యధరా సముద్రం మీద వర్తకం ఆగింది లేదు. కాబట్టి ఈ కమాను తూర్పు నుంచే వచ్చిందంటే నాకు అభ్యంతరం లేదు.

గోథిక్ అంటే ఆ ఒక్క కమానే కాదు కదా. కప్పు బరువును సన్నటి రాతి బద్దెల మీదుగా స్తంభాల్లోకి దింపడం, గోడల్ని తెరిచి గాజు నింపడం, బయట నుంచి ఆసరా కమానులు తగిలించడం అన్నీ కలిస్తేనే గోథిక్. బద్దెలు కూడా 960ల్లో స్పెయిన్‌లోని కోర్డోబా మసీదులో ఉన్నాయని కొందరు చూపిస్తారు. ఉన్నాయి. కానీ అక్కడివి నడిమధ్యలో కలవవు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయి మధ్యలో చిన్న గుమ్మటానికి చోటు వదులుతాయి. ఇంగ్లండ్‌లో 1093లో మొదలైన డరమ్ చర్చి బద్దెలు మూల నుంచి మూలకు వెళ్లి మధ్యలో కలుస్తాయి. రెండింటి లెక్కా వేరు.

పారిస్ దగ్గర సెయింట్ డెనిస్ మఠం చర్చిని 1144లో కొత్త పద్ధతిలో తీర్చిన మఠాధిపతి సుజేర్ తన పని గురించి తానే రాసుకున్నాడు. ఆయన మొదట ఆశపడింది రోమ్‌లో డయోక్లీషియన్ స్నానశాలల స్తంభాల మీద. వాటిని ఓడలకెక్కించి, దారిలో శత్రువులైన సారసెన్లకు సుంకం కట్టి అయినా సీన్ నది దాకా తెప్పించాలనుకున్నాడు. ఇంతలో పాంట్వాజ్ దగ్గర మంచి రాతి గని దొరికింది, ఆ ఆలోచన మానుకున్నాడు. గోథిక్‌కు తొలి మెట్టు అంటున్న ఆ కట్టడంలో పాత రోమన్ స్తంభాలు ఉండాల్సిందన్నమాట.

కోర్డోబా మసీదులోనూ ఇలాంటిదే ఉంది. 785 ప్రాంతంలో కట్టినప్పుడు పాత రోమన్, విసిగోత్ (అరబ్బులకు ముందు స్పెయిన్‌ను ఏలిన గోత్‌ల శాఖ) కట్టడాల స్తంభాలు తెచ్చారు. అవి పొట్టివి, ఒక్కోటి ఒక్కో ఎత్తు. కప్పు పైకి లేవాలంటే కమాను మీద కమాను వేయక తప్పలేదు. కింది వరస గుర్రపు లాడం ఆకారం. అది అరబ్బులు రాకముందే స్పెయిన్‌లో విసిగోత్ చర్చిల్లో ఉంది. తర్వాత మిహ్రాబ్ (ప్రార్థన దిశను చూపే గూడు) మొజాయిక్ కోసం బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, చక్రవర్తి పనివాణ్ణి, గాజు ముక్కల్ని పంపాడని అరబ్ చరిత్రకారులే రాశారు.

పోలికను రాజకీయం మింగేస్తే ఏమవుతుందో ఆఫ్రికాలో చూడొచ్చు. గ్రేట్ జింబాబ్వే రాతి గోడల్ని 1871లో చూసిన జర్మన్ అన్వేషకుడు కార్ల్ మౌక్, అక్కడి ఒక చెక్క ముక్కను తన పెన్సిల్ చెక్కతో పోల్చి, ఇది లెబనాన్ దేవదారు, కట్టించింది బైబిల్‌లోని షేబా రాణి అన్నాడు. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి చూసి, ఇది మధ్యయుగాల్లో ఆఫ్రికన్లే కట్టుకున్నదని తేల్చారు. అయినా రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ల ప్రభుత్వం 1970ల్లో కూడా ఆ మాట గైడ్ పుస్తకాల్లో రానివ్వడానికి ఇష్టపడలేదు.

ఢిల్లీ కుతుబ్ ప్రాంగణంలో 1199 నాటి తెరగోడ ఉంది. ముందు నుంచి చూస్తే మొనదేలిన పెద్ద కమానులు, ఆఫ్ఘనిస్తాన్‌లోని ఘోర్ నుంచి వచ్చినవాళ్ల అభిరుచి. పక్కకెళ్లి రాళ్ల అతుకులు చూస్తే కథ మారుతుంది. నిజమైన కమానులో రాళ్లు మధ్యలోకి వాలి, ఒకదాన్నొకటి నొక్కుకుని నిలుస్తాయి. ఇక్కడ రాళ్లన్నీ బల్లపరుపుగానే ఉన్నాయి. ఒక్కో వరసను కాస్త ముందుకు జరుపుతూ పేర్చి, లోపలి అంచును కమాను ఆకారానికి చెక్కారు. గుడి కట్టే మేస్త్రీలకు తెలిసిన పద్ధతి అది. అలాగని వాళ్లకు కమాను చేతకాదనుకుంటే పొరపాటు. గుప్తుల కాలపు భితర్‌గావ్ ఇటుక గుడిలో నిజమైన కమాను ఉంది. ఈజిప్టు వాళ్లూ మట్టి ఇటుకలతో ధాన్యం కొట్లకు కమాను కప్పులు వేశారు, దేవుడి గుడికి మాత్రం రాతి దూలాలే వాడారు. తెలియడం వేరు, గౌరవంగా భావించి వాడటం వేరు.

ఢిల్లీలో నిజమైన కమాను బల్బన్ సమాధి దగ్గర, 1287 ప్రాంతంలో కనిపిస్తుంది. 1311 నాటి అలాయ్ దర్వాజాలో కమానూ గుమ్మటమూ రెండూ తడబాటు లేకుండా నిలిచాయి. భారత వాస్తు చరిత్రను 1876లో రాసిన జేమ్స్ ఫెర్గూసన్ కట్టడాల్ని బౌద్ధ, జైన, ద్రావిడ, సారసెనిక్ అంటూ అరలు చేసి సర్దాడు. కుతుబ్ తెరగోడ కమానుల్ని హిందూ మేస్త్రీలు తమ పద్ధతిలోనే పేర్చారని గమనించి రాసింది కూడా ఆయనే. రాశాక దాన్ని సారసెనిక్ అరలోనే ఉంచాడు.