పప్పు త్వరగా ఉడికే నీళ్ళు ఎముకలకు మంచివేనా?

మోతాదు మించితే ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్, లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఉన్నా, 6 ఉన్నా నాలుకకు తేడా తెలియదు. రంగు మారదు, వాసన రాదు. పైగా వంటింటి పరీక్షలు మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. పప్పు త్వరగా ఉడికితే, సబ్బు బాగా నురగొస్తే అవి మంచినీళ్ళని మన నమ్మకం. ఆ రెండూ జరిగేది నీటిలో కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు. ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి నిలవగలిగేది కూడా సరిగ్గా అలాంటి నీటిలోనే. పప్పు ఉడికే నీళ్ళన్నీ చెడ్డవని కాదు. ఆ పరీక్షతో ఫ్లోరైడ్ సంగతి మాత్రం తేలదు.

నల్లగొండ గ్రానైట్లలో కిలో రాయికి 325 నుంచి 3,200 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉన్నట్టు కొలిచారు. ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్ లాంటి ఖనిజాల్లో అది ఇమిడి ఉంటుంది. అయితే రాయిలో ఉన్నంత మాత్రాన నీటిలోకి రాదు. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కరగని ఫ్లోరైట్‌గా మారి అడుగుకు చేరతాయి, కాబట్టి నీటిలో కాల్షియం ఉన్నంతకాలం ఫ్లోరైడ్‌కు ఒక హద్దు ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర లెక్క కడితే, లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీటిలో ఫ్లోరైడ్ సుమారు 2 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. కాల్షియం 10కి పడిపోతే ఆ హద్దు సుమారు 6కు పెరుగుతుంది. లవణాలు ఎక్కువున్న బోరు నీటిలో ఈ అంకెలు ఇంకాస్త పైకి జరుగుతాయి.

మరి కాల్షియం ఎటు పోతోంది? వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలలో నీరు ఆవిరయ్యే కొద్దీ కాల్షియం కార్బొనేటుగా పేరుకుపోతుంది. బావి తవ్వేటప్పుడు మట్టిలో కనిపించే తెల్లటి సున్నపు గడ్డలు అవే. మిగిలినదాంట్లో కొంత బంకమట్టి పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. చివరికి మిగిలేది సోడియం బైకార్బొనేట్ నీరు, పీహెచ్ 8 పైన. ఈ క్షారత ఖనిజాల్లోంచి ఫ్లోరైడ్‌ను ఇంకా బయటికి లాగుతుంది. బోరు లోతుకు పోయే కొద్దీ నీరు రాతిని అంటిపెట్టుకుని ఉన్న కాలమూ పెరుగుతుంది. అందుకే ఒకే ఊళ్ళో రెండు బోర్లకు పొంతన ఉండదు. పక్కింటి బోరు రిపోర్టు మీ బోరుకు పనికిరాదు.

ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని వైద్య పత్రికకెక్కించింది షార్ట్, పండిట్, రాఘవాచారి. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వారు రాసిన వ్యాసం అది. ఆనాడు ఆ జిల్లాలోనే ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు తర్వాత ప్రకాశం జిల్లాలో కలిశాయి.

ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌లో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. పెద్దవాళ్ళ రక్తంలోకి వెళ్ళినదాంట్లో దాదాపు సగం ఎముకలు పట్టుకుంటాయి, మిగతాది మూత్రంలో పోతుంది. ఎదిగే పిల్లల్లో నిలిచేది సగానికి బాగా ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో బయటికి పోయేది బాగా తగ్గిపోతుంది. ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ దూరుతుంది. ఎముకను కట్టే కణాలు అతిగా పనిచేస్తాయి. కొత్త ఎముక చాలానే తయారవుతుంది కానీ దాని అల్లిక సరిగా ఉండదు. ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, బలం మాత్రం ఉండదు. తర్వాత కీళ్ళ చుట్టూ ఉండే స్నాయువులు గట్టిపడతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టి ఎక్స్‌రేలో కనిపిస్తే, వాతం కాదు, ఫ్లోరోసిస్ అని డాక్టర్లు గట్టిగా అనుమానిస్తారు. వెన్నెముకలో ఇదే జరిగితే మెడ, నడుము వంగవు. వెన్నుపాము నలిగితే కాళ్ళు చచ్చుబడతాయి.

పళ్ళ గార చూసి ధైర్యపడటం, భయపడటం రెండూ పొరపాటే. పళ్ళ పైపొర ఎనామిల్ ఏర్పడేది దాదాపు 8 ఏళ్ళలోపు, ఫ్లోరైడ్ గార పడేది కూడా అప్పుడే. పెళ్ళి చేసుకుని ఫ్లోరైడ్ ఊరికి వచ్చిన కోడలి పళ్ళు తెల్లగానే ఉంటాయి, నడుము మాత్రం పట్టేస్తుంది.

ఫ్లోరైడ్ ఒక్కదానితోనే కథ ముగియదు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరోసిస్ ప్రాంతంలోని యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భ జలం పైకి లేచి నేలలో క్షారత పెరిగిందని, క్షార నేలలో జొన్న మొక్క మాలిబ్డినం ఎక్కువగా పీల్చుకుందని, దాంతో ఒంట్లోంచి రాగి మూత్రంలో పోయి ఎముక అల్లిక దెబ్బతిన్నదని ఆ తర్వాత ఒక వివరణ వచ్చింది. ఫ్లోరైడ్‌కు కాల్షియం లోపం, ఇలాంటి సూక్ష్మ మూలకాల తేడా తోడైనచోట వైకల్యం ముదురుతుందనే ఆలోచన నాకు సరైనదిగా తోస్తుంది. నీటి రిపోర్టులో ఒక్క గడి చూసి వదిలేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అయితే ఎండలో పొలం పని చేసే మనిషి 4 లీటర్లు తాగుతాడు. 3 మిల్లీగ్రాముల నీరైతే రోజుకు 12, అన్నం వండిన నీళ్ళు అదనం. రోజుకు 6 దాటితే ఎముకలకు ముప్పు మొదలయ్యే సూచనలున్నాయని, 14 దగ్గర అది స్పష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఇంకిపోయి చిక్కబడుతుంది. రాగి బిందె దీనికి మందు కాదు.

నీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. ఎంత పటిక వేయాలన్నది ఫ్లోరైడ్‌తో పాటు క్షారతను బట్టి ఉంటుంది. లీటరుకు ఫ్లోరైడ్ 2, క్షారత 200 మిల్లీగ్రాములు ఉన్న 40 లీటర్ల నీటికి సుమారు 9 గ్రాముల పటిక సరిపోతుంది. అదే ఫ్లోరైడ్‌కు క్షారత 400 ఉంటే 12 గ్రాములకు పైనే కావాలి. సున్నం పటికలో 20వ వంతు. సున్నం, బ్లీచింగ్ కలిపాక, కరిగించిన పటిక పోసి 10 నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి, గంటసేపు కదపకుండా ఉంచాలి. బకెట్ కుళాయి అడుగు నుంచి 3 నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, లేకపోతే మడ్డి కూడా వచ్చేస్తుంది. ఆ మడ్డిని పశువులు తాగే కుంటలో పోయకూడదు.

చాలాచోట్ల ఇది విఫలమయ్యేది పరీక్ష దగ్గరే. మోతాదు తప్పితే ఫ్లోరైడ్‌లో చాలా భాగం అడుగుకు చేరకుండా అల్యూమినియంతో జతకట్టి నీటిలోనే కరిగి ఉంటుంది. రంగు మారే కిట్ ఆ జతను చూడలేక తక్కువ అంకె చూపిస్తుంది. ఎలక్ట్రోడ్‌తో కొలిచినా, ముందుగా ఆ జతను విడదీసే బఫర్ అనే ద్రావణం కలపాలి. అందుకే పటిక వాడిన నీటికి ఫ్లోరైడ్‌తో పాటు అల్యూమినియం కూడా అడిగి రాయించుకోండి. దాని గరిష్ఠ హద్దు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. నమూనా గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. వేసవి చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి కొలవాలి.

భోజనంలో పాలు, రాగులు, మునగాకు లాంటి కాల్షియం పదార్థాలుంటే పేగుల్లోనే కొంత ఫ్లోరైడ్ ఆగిపోతుంది. పోషకాహార సంస్థ వాళ్ళు 18 రోజులపాటు అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. ఇదంతా ఆసరాయే తప్ప, నీరు మార్చడానికి బదులు కాదు.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు మూడు: మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుకోవడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవడం. ఇవి చేయలేకపోతే ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి.

2016లో మొదలైన తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ కృష్ణా నీటిని నల్లగొండ ఊళ్ళకు తెచ్చింది. కుళాయి ఆగిన రోజుల్లో మళ్ళీ బోరుకే పోతే ఆ మేరకు ఎముకలో నిల్వ పెరుగుతుంది. నది నీరు కొద్దిగానే ఉన్న రోజు స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీరు వాడండి. బిందెడు నది నీటిని ముందు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 8 ఏళ్ళలోపు పిల్లలకు, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు తీసిపెట్టాలి. వాళ్ళు తాగేది మాత్రమే కాదు, వాళ్ళ అన్నం, పప్పు వండేది కూడా ఆ నీటితోనే కావాలి.