సోయా మొక్కకు రోజువారీ లెక్క

బొబ్బిలి

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

పొలం గట్టు తొక్కని కంప్యూటర్ సోయా దిగుబడి ముందే ఎలా చెబుతుందని అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నాను.

మన విజయనగరం వైపు సోయా పెద్దగా వెయ్యరు. వరి చేలో మినుము, పెసర చల్లుతాం. సోయా చేలు చూడాలంటే ఆదిలాబాద్ వెళ్లాలి. అయినా ఆ మొక్క గురించి తెలుసుకుని తీరాలి, పగటి పొడవును అంత గట్టిగా పట్టించుకునే పంట అది.

ఆ ప్రోగ్రామును మోడల్ అంటారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 1980లలో సోయా కోసం సోయ్‌గ్రో అని ఒకటి తయారుచేశారు. అది కొట్లో చిట్టా రాసినట్టు ఏ రోజు జమాఖర్చు ఆ రోజే వేస్తుంది. ఆ రోజు కాసిన ఎండ, పగటి వేడి, రాత్రి వేడి, పడ్డ వాన, ఈ నాలుగూ మనం ఇవ్వాలి. ఆకులు ఎండతో చేసుకున్న చక్కెర జమ. మొక్క శ్వాసకు పోయేది ఖర్చు, రాత్రులు ఉక్కగా ఉంటే ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. మిగిలింది వేరుకూ కాండానికీ ఆకుకూ కాయకూ పంచుతుంది. వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియాకూ అందులోంచే వాటా వెళ్లాలి. నీళ్ల లెక్క వేరే ఉంటుంది, నేలను పొరలుగా విడగొట్టి ఏ పొరలో ఎంత తడి ఉందో చూస్తుంది. అదే వాన ఇసుక నేలలో గబుక్కున కిందికి దిగిపోతుంది, నల్లరేగడిలో నిలుస్తుంది.

ఇక పగటి పొడవు సంగతి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బిలాక్సీ అనే సోయా రకాన్ని వేర్వేరు తేదీల్లో విత్తారు. ముందు విత్తినవీ వెనక విత్తినవీ దాదాపు ఒకేసారి పూశాయి! మొక్క వయసును కాదు, పగలు తగ్గి రాత్రి పెరగడాన్ని చూసి పూస్తోందని 1920లో ప్రకటించారు. మన దగ్గర ఏడాదిలో అతి పొడుగు పగలు 13 గంటల చిల్లర. అమెరికా ఉత్తరాది సోయా రాష్ట్రాల్లో 15 గంటలు దాటుతుంది. అక్కడి విత్తనం తెచ్చి ఇక్కడ వేస్తే పగలు చిన్నదైపోయిందనుకుని, జానెడు ఎత్తుకే పూసేస్తుంది. ఆకే లేని మొక్కకు కాయలెక్కడివి? బ్రెజిల్ వాళ్లు చిన్న పగళ్లలోనూ పూతకు తొందరపడని రకాలు తయారుచేసుకున్నాకే వాళ్ల ఉష్ణమండల నేలల్లో సోయా నిలదొక్కుకుంది. అందుకే మోడల్‌లో ఒక్కో రకానికీ ఒక్కో అంకె ఉంటుంది, పగలు ఎన్ని గంటలు దాటితే పూత ఆలస్యమవుతుందో అది చెబుతుంది. ఆ అంకె చేలో మొక్కల్ని చూసి రాసుకున్నవాళ్ల నుంచే వస్తుంది. మోడల్ ఎవరు చూపించినా నేను ముందు అడిగేది పూత తేదీ సరిపోయిందా అనే. పూత తేదీ తప్పాక దిగుబడి సరిపోయినా నమ్మబుద్ధి కాదు.

రేపటి వాతావరణం మోడల్‌కి తెలియదు. గడిచిన 30 ఏళ్ల వాతావరణం ఇచ్చి, జూన్‌లో విత్తితే ఎలా, జూలైలో విత్తితే ఎలా అని ఏడాది ఏడాదికీ నడిపిస్తారు. ఎన్ని ఏళ్లు గింజ దక్కింది, ఎన్ని ఏళ్లు ఎండిపోయింది అన్నది తేలుతుంది. రైతుకు పనికొచ్చేది అదే. పురుగూ గాలీ మాత్రం మనం విడిగా చెబితే తప్ప దాని లెక్కలోకి రావు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది కదా, అలాంటి రోజును నాలుగు అంకెల్లో ఎలా ఇమడ్చగలం?

వానాకాలం రాగానే రెండు కుండీల్లో సోయా గింజలు వెయ్యండి. ఒకదాన్ని రాత్రి పది దాకా వసారా లైటు కింద పెట్టండి, రెండోదాన్ని చీకటి పడగానే చీకట్లోకి జరపండి. పగలు రెండిటికీ సమానంగా ఎండ తగలాలి. కొన్ని రకాల్లో తేడా తక్కువగా ఉండొచ్చు, కంగారు పడకండి. తొలి పువ్వు ఏ కుండీలో ఏ తేదీన విచ్చుకుందో రాసి పంపండి.

మీ అమ్మమ్మ