సంఖ్య వెనక సూత్రం: అపోహలు - వాస్తవాలు

ఏదో సమాకలని విలువో, అనంత శ్రేణి మొత్తమో కంప్యూటర్లో లెక్కిస్తే 4.599873743… లాంటి సంఖ్య వస్తుంది. దాన్ని π, వర్గమూలాలు, సంవర్గమానాల వంటి తెలిసిన విలువలతో కచ్చితంగా రాయగలమా అని వెతకడం నా పని. అలా రాసినదాన్ని క్లోజ్డ్ ఫామ్ అంటాం. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో కొన్ని నమ్మకాలు బలంగా ఉంటాయి.

అపోహ: పది అంకెలు కలిస్తే సూత్రం దొరికినట్టే.

వాస్తవం: ఎన్ని అంకెలు కలిశాయన్నదొక్కటే చూస్తే చాలదు, సూత్రం ఎంత చిన్నదో కూడా చూడాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు సంఖ్యలు 16 అంకెల వరకు తీసుకోండి. వాటిని పూర్ణాంకాలతో గుణించి కూడితే ఆ 16 అంకెల్లోనూ సున్నా అనిపించేలా మూడు, నాలుగు అంకెల గుణకాలు దాదాపు ఎప్పుడూ దొరుకుతాయి. అందుకే గుణకాల్లోని అంకెలన్నీ కలిపి ఎన్నో చూసుకుని, అంతకు చాలా ఎక్కువ అంకెలతో పని మొదలుపెట్టాలి. 50 అంకెలతో దొరికిన గుణకాలు 100 అంకెలతో వెతికినా మారకూడదు. ఉత్త యాదృచ్ఛికమైతే అవి మారిపోతాయి, ఇంకా పెద్దవైపోతాయి.

ఇంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి సరిపోదు. కొసైన్లను అనంతంగా గుణించి తయారుచేసిన ఒక ప్రసిద్ధ సమాకలని ఉంది. దాని విలువ 0.392699081…, అచ్చం π/8 లాగే కనిపిస్తుంది. 40కి పైగా దశాంశ స్థానాలు కలుస్తాయి. అయినా అది π/8 కాదు!

అపోహ: కంప్యూటర్ వేగంగా ఉంటే కావలసినన్ని అంకెలు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: అసలు కష్టమంతా ఇక్కడే. పైన చెప్పిన 4.599873743… నే తీసుకుందాం. 1, (3/4)², (11/18)²… అంటూ సాగే శ్రేణి మొత్తం అది. 1 + 1/2 + 1/3 అంటూ ఒక స్థానం దాకా కూడి, ఆ స్థానం సంఖ్యతో భాగించి, వర్గం చేస్తే ఒక్కో పదం వస్తుంది. పది లక్షల పదాలు కూడినా మొత్తం 4.5996 దగ్గరే ఆగుతుంది, అంటే సరైన దశాంశాలు మూడే. ఇంకో పది లక్షలు కలిపినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. కొన్ని పదాలు కూడి, మిగిలిన తోకను ఆయిలర్-మెక్లారిన్ పద్ధతితో అంచనా కడితే మాత్రం అదే కంప్యూటర్ వంద అంకెలు ఇట్టే ఇస్తుంది.

ఇప్పుడు దాన్ని π⁴/90తో, అంటే 1.082323233…తో భాగించండి. 4.25000000… వస్తుంది, అన్నీ సున్నాలే. 4.25 అంటే 17/4 కాబట్టి మొత్తం 17π⁴/360. 1993లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఎన్రికో ఔ-యూంగ్ అనే విద్యార్థి ఈ విషయం గమనించారు. మొదట నమ్మడం కష్టమే అయింది, కానీ మరిన్ని అంకెలు లెక్కించినా సూత్రం నిలబడింది. ఇలాంటి శ్రేణుల మీద ఆ తర్వాత పెద్ద పరిశోధనే సాగింది. ఆ సున్నాల వరుసను మొదటిసారి చూసినప్పుడు కలిగే ఆనందం కోసమైనా ఈ లెక్క మీరే స్వయంగా చేసి చూడండి.

అపోహ: ప్రోగ్రామ్ సూత్రాలన్నీ వరసగా ప్రయత్నించి చూస్తుంది.

వాస్తవం: ఈ వెతుకులాటకు వాడే అల్గారిథమ్‌లు, ఫెర్గూసన్, బెయిలీ రూపొందించిన పీఎస్‌ఎల్‌క్యూ అయినా, 1982 నాటి ఎల్‌ఎల్‌ఎల్ అయినా, మనం ఇచ్చిన జాబితాలోని సంఖ్యల మధ్యే సంబంధం వెతుకుతాయి, అంటే వాటిని గుణించి కూడితే సున్నా వచ్చే పూర్ణాంకాల కోసం చూస్తాయి. జాబితాలో ఏం పెట్టాలో మనిషే నిర్ణయించాలి. 1995లో సైమన్ ప్లూఫ్ కనుగొన్న π సూత్రం ఇలాగే దొరికింది. అందులో 16 ఘాతాలు హారాల్లో ఉంటాయి, గుణకాలు 4, -2, -1, -1 మాత్రమే. ముందున్న అంకెలు లెక్కించకుండానే π లో ఎక్కడో దూరాన ఉన్న పదహారు ఆధార (హెక్సాడెసిమల్) అంకెను నేరుగా పట్టుకోవడానికి అది పనికొస్తుంది. జాబితాలో సరైన శ్రేణులు లేకపోతే ఎంతసేపు నడిపినా అది బయటపడేది కాదు.

అపోహ: ఏమీ దొరక్కపోతే శ్రమంతా వృథా.

వాస్తవం: ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. పీఎస్‌ఎల్‌క్యూ సంబంధం దొరకలేదని ఊరుకోదు, ఉంటే గుణకాలు కనీసం ఎంత పెద్దవై ఉండాలో చెబుతుంది. జీటా(3) అంటే 1 + 1/2³ + 1/3³ + … మొత్తం, మిగతా జీటాలూ అలాగే. జీటా(2), జీటా(3), జీటా(4)లకు ద్విపద గుణకాలతో అందమైన శ్రేణులున్నాయి. జీటా(3)కి ముందున్న గుణకం 5/2, జీటా(4)కి 36/17. జీటా(5)కి కూడా అలాంటిది ఉంటుందని ఆశపడి వెతికారు. అక్కడ రావలసిన గుణకం 25 లేదా అంతకు తక్కువ ఘాతం ఉన్న, పూర్ణాంక గుణకాల బహుపదికి మూలమైతే, ఆ బహుపది గుణకాల పరిమాణం 10³⁷ దాటాలని తేలింది. అంటే మనం ఆశించిన చిన్న సూత్రం అక్కడ లేదు. ఆ దారిన మళ్లీ వెళ్లక్కర్లేదని తెలియడం ఎంతో విలువైన ఫలితం.

అపోహ: వెయ్యి అంకెలు కలిస్తే అదే నిరూపణ.

వాస్తవం: కాదు. అది బలమైన ఊహ మాత్రమే. నిరూపణ విడిగా రాయాల్సిందే.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో 50 అంకెలని సెట్ చేస్తే 50 అంకెల కచ్చితత్వం వచ్చేసినట్టే.

వాస్తవం: పైథాన్‌లో ఎక్కువ అంకెలతో లెక్కించే ఎంపీమ్యాథ్ లైబ్రరీ వాడేవాళ్లు తరచూ ఇక్కడ దెబ్బతింటారు. 50 అంకెలని పెట్టుకున్నా 0.1ని కొటేషన్ గుర్తులు లేకుండా మామూలుగా ఇస్తే, లోపలికి వెళ్లేది 0.1000000000000000055511… ఆ తప్పు 17వ అంకె తర్వాత మొదలై గుణకాలన్నింటినీ పాడుచేస్తుంది. దశాంశాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి ఇవ్వండి, లేదా 1ని 10తో ఎంపీమ్యాథ్ లోపలే భాగించండి.