పాత ఫాంటు, పాత విండోస్: వరంగల్ డీటీపీ కేంద్రాల చిక్కు వెనుక కథ

వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు కూర్చే డీటీపీ కేంద్రాల్లోని కొన్ని కంప్యూటర్లు నేటికీ కాలం చెల్లిన విండోస్‌తోనే నడుస్తున్నాయి. దీన్ని యజమానుల నిర్లక్ష్యమని కొట్టిపారేయడం తేలికే కానీ, చాలాచోట్ల ఆ యంత్రాన్ని మార్చనివ్వనిది అందులో చిక్కుకుపోయిన తెలుగు అక్షరమే.

ఈ చిక్కు పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌తో మొదలైంది. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వెళ్లింది. 2001 నాటి 7.0 దాని చివరి ప్రధాన వెర్షన్, అంటే అది పాత విండోస్ కాలంనాటిది. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యనిచ్చే యూనికోడ్ దానికి తెలియదు కాబట్టి, ఫాంట్లు అమ్మే సంస్థలు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తలకట్టును, గుడిని, కొమ్మును, ఒత్తులను ముక్కలు ముక్కలుగా అమర్చాయి. ఏ ముక్క ఎక్కడ ఉండాలన్నది ఏ సంస్థకు ఆ సంస్థ సొంతంగా పెట్టుకున్న లెక్క. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కినా, అప్పటికే పాత పద్ధతికి అలవాటు పడిన ఆపరేటర్ల వేళ్లు గానీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి పేరుకుపోయిన ఫైళ్లు గానీ దాని వైపు మళ్లలేదు.

భద్రత దెబ్బతిన్నది ఇక్కడే. క్రాక్ చేసిన విండోస్ వాడేవారు, దొంగ కాపీ బయటపడుతుందన్న భయంతో, అప్‌డేట్లను ఆపేసేవారు. డీటీపీ కేంద్రానికి రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు వస్తాయి. పెన్‌డ్రైవ్ పెట్టగానే వాటంతటవే నడిచే ఆటోరన్ వైరస్‌లను అడ్డుకునే మార్పును మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో విండోస్ ఎక్స్‌పీకి పంపినా, అది వీరికి చేరే దారి లేదు. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మద్దతే ఆగిపోయింది. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని చుట్టబెట్టేనాటికి, అది చొరబడిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్ వచ్చి రెండు నెలలు కావస్తోంది. ఎక్స్‌పీ వాడినవారే బలయ్యారన్న మాట మాత్రం నిజం కాదు. బాధితుల్లో అత్యధికులు విండోస్ 7 వాడుతూ అప్‌డేట్ చేసుకోనివారు.

దీనికి ప్రత్యామ్నాయంగా, ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆలోచనకు ఒక ప్రింటరే కారణమని చెప్పడం ముద్రణ వృత్తిలోని వారికి ఆసక్తి కలిగించవచ్చు. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోని జిరాక్స్ ప్రింటర్‌లో కాగితం తరచూ ఇరుక్కుపోతుంటే, దాని ప్రోగ్రామును సవరించుకుందామనుకున్న అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్‌కు సోర్స్ కోడ్ (ప్రోగ్రాము మూల రాత) దొరకలేదు. 1983 సెప్టెంబరు 27న ఆయన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఆ సిస్టమ్‌కు గుండెకాయ వంటి లినక్స్ కెర్నల్ దానికి తోడైంది. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పూనుకుంది. దేశికాచార్యులు రూపొందించిన పోతన ఫాంటు, గ్నూ ప్రాజెక్టు రూపొందించిన జీపీఎల్ లైసెన్సుతో అందరికీ అందింది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్నాడని చెప్పుకునే బమ్మెర కవి పేరు, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ఫాంటుకు అతికినట్టు సరిపోయింది.

అయినా డీటీపీ కేంద్రాలు ఇటు రాలేదంటే తప్పు పూర్తిగా వారిదని చెప్పలేం. పేజ్‌మేకర్‌కు బదులుగా చూపించే స్క్రైబస్‌లో ఒత్తులు సరిగ్గా కూర్చుకునే వీలు 2017లో ప్రయోగాత్మక వెర్షన్‌లో వచ్చి, 2024లో గానీ స్థిరమైన వెర్షన్‌కు ఎక్కలేదు. సోర్స్ కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగిపోదని కూడా 2024 మార్చిలో తేలింది: లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలో ఎవరో దొంగదారి పెట్టారు. లాగిన్‌కు అర సెకను ఆలస్యమెందుకవుతోందని ఒక ఇంజినీరు ఆరా తీయబట్టి అది దొరికింది. కోడ్ మూసి ఉంటే ఆ ఆరా అంత దూరం సాగేది కాదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కీ సాధారణ మద్దతు ముగిసింది. పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి గానీ, అవి ఒత్తుల దగ్గర తడబడతాయి కనుక మార్చిన ప్రతి పేజీని మనిషి మళ్లీ చదివి దిద్దాల్సిందే. ఆ దిద్దుబాటుకు కూలి ఎవరిస్తారన్న దగ్గరే ప్రస్తుతానికి విషయం ఆగి ఉంది.