“పెళ్ళి చేసేస్తే అదే సర్దుకుంటుంది”: ముహూర్తాల నెలల్లో నేను వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

శ్రావణం దగ్గరపడితే నాకు ఫోన్లు పెరుగుతాయి. మాఘంలోనూ అంతే. ముహూర్తాలున్న నెలలన్నీ నాకు రద్దీ నెలలే. అవతల మాట్లాడేది ఎక్కువగా తల్లి. “అబ్బాయి ఏ సంబంధం చూపించినా వద్దంటున్నాడండీ. మొన్న వాళ్ళ అక్కతో ఏదో చెప్పాడట. మీరొకసారి నచ్చజెప్పండి, మంచి సంబంధం చేతిలో ఉంది” అంటారు. ఆ ‘ఏదో’ ఏమిటో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. పలకడానికి నోరు రాదు, అంతే. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఆ భయం మీద బతికే జ్యోతిష్కులంటే, వీడియోల వైద్యులంటే, అన్నీ తెలిసిన మేనమామలంటే మాత్రం నాకు ఓపిక లేదు.

విశాఖపట్నంలో కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. అంతకుముందు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో అధికారిని. నేనూ గేని, అంటే మగవాళ్ళ పట్ల ఆకర్షణ ఉన్న మగవాణ్ని. ఆ తల్లులు పలకలేని ‘ఏదో’ ఇదే. మందులు రాసేవాణ్ని కాను. ఆ అవసరం కనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తాను. ఇక్కడ చెప్పే మనుషుల వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

అపోహ: పెళ్ళి చేస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: సర్దుకోదు. మిగిలిన అపోహలన్నీ కలిపినా ఇదొక్కటి చేసినంత నష్టం చేయవు కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఈ అపోహ ఒక్క రూపంలో రాదు. మొదట “పెళ్ళయితే మారతాడు” అంటారు. మారకపోతే “ఒక బిడ్డ పుడితే మారతాడు” అంటారు. బిడ్డ పుట్టాక “కోడలు కాస్త తెలివిగా ఉండి ఉంటే మార్చుకునేది” అంటారు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తీసుకునేవాళ్ళను బ్యాంకులో చూశాను. ఇదీ అదే వరస. ప్రతి వాయిదాకూ వడ్డీ పెరుగుతుంది, కట్టేది మాత్రం సంతకం పెట్టని మనిషి.

ఆ మనిషి, ఆ అమ్మాయి. పెళ్ళిచూపుల్లో ఆమెకు అబ్బాయి జీతం చెప్పారు, పొలం చెప్పారు, అమెరికాలో ఉన్న ఆడపడుచు సంగతీ చెప్పారు. అసలు సంగతి చెప్పలేదు. ఒక యువతి భర్త గురించి ఫిర్యాదు చేయడానికి వచ్చిందనుకుని కూర్చోమన్నాను. ఆమె అడిగింది వేరు: “నాలో ఏమి లోపం ఉంది సార్?” అప్పటికే బరువు తగ్గింది, చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తిరిగింది, అత్తగారు చెప్పిన మొక్కులన్నీ తీర్చింది, సంతానం కోసం పరీక్షలన్నీ చేయించుకుంది. భర్త మంచివాడే. కోప్పడడు, డబ్బుకు లోటు చేయడు, రాత్రి పదకొండు దాటేవరకూ ఆఫీసులోనే ఉంటాడు. తరువాత అతనూ వచ్చాడు. ఇంటికి వెళ్ళాలంటే కడుపులో తిప్పుతుందని చెప్పాడు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఇద్దరి యవ్వనమూ పోయింది. పెళ్ళి కుదిర్చిన పెద్దలు మాత్రం ఆ మాట ఎత్తితే ‘ఏ జన్మ కర్మో’ అంటారు.

“మా చిన్నాన్న కూడా మొదట అలాగే ఉండేవాడు, పెళ్ళయ్యాక మారిపోయాడు” అని కొందరు సాక్ష్యం తెస్తారు. చిన్నాన్న మారాడో, మాట్లాడడం మానేశాడో పిన్నిని అడిగారా? పిల్లలు పుట్టారంటారు. పిల్లలు పుట్టడానికి శరీరం సహకరిస్తే చాలు, మనసు మారనక్కరలేదు. స్త్రీపురుషులిద్దరి పట్లా ఆకర్షణ ఉన్నవాళ్ళు కూడా ఉంటారు, అది వేరే సంగతి. అది అతను చెప్పవలసిందే కానీ పెద్దలు నిర్ణయించేది కాదు.

చట్టం సంగతీ వినండి. ముఖ్యమైన వాస్తవాన్ని దాచి మోసంతో సమ్మతి తీసుకుంటే ఆ వివాహాన్ని రద్దు చేయమని కోరే హక్కు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ఇస్తుంది. మోసం బయటపడిన ఏడాదిలోపు పిటిషన్ వేయాలి, తెలిశాక ఇష్టపూర్వకంగా కాపురం కొనసాగించి ఉండకూడదు. చాలామంది అమ్మాయిలను “కొన్నాళ్ళు ఓపిక పట్టు” అని ఆపేది సరిగ్గా ఆ ఏడాదే. ఆ తరువాత పరస్పర అంగీకారంతో విడాకులు మిగులుతాయి, లేదా ఏళ్ళ తరబడి కోర్టు.

అబ్బాయిలతో కూడా ఒక మాట. “అమ్మ కోసం చేసుకుంటాను సార్, ఆవిడ బతికినంత కాలమే కదా” అని కన్నీళ్ళతో చెప్పినవాళ్ళున్నారు. ఆ బాధ నాకు బాగా తెలుసు. కానీ అమ్మ కోసం చేసే త్యాగంలో పరాయి ఇంటి అమ్మాయిని వాటా పెట్టే హక్కు మీకు లేదు. నిజం చెప్పే ధైర్యం ఇప్పుడే లేకపోతే చెప్పకండి. వద్దు అని మాత్రం చెప్పండి. కారణం చెప్పకుండా వద్దనడం కూడా పూర్తి జవాబే.

గేలు, లెస్బియన్లు పరస్పరం తెలిసి చేసుకునే ఒప్పందపు పెళ్ళిళ్ళ గురించీ అడుగుతారు. ఇద్దరికీ తెలిసే చేసుకుంటే అక్కడ మోసపోయినవాళ్ళు లేరు. అయితే “విశేషం ఎప్పుడు” అని అడిగే అత్తమామలు ఇద్దరికీ ఉంటారు, ఆ నాటకానికి విరామం ఉండదు. వెళ్ళే ముందు ఆలోచించుకోండి.

అపోహ: ఊరు మారితే, దేశం మారితే మారతాడు.

వాస్తవం: దీనిలో నాకు అనుభవం ఎక్కువ. నాన్నగారు సంబంధం తెచ్చిన ప్రతిసారీ నేను ఇంకాస్త దూరపు శాఖకు బదిలీ అడిగేవాణ్ని. ఎవరూ వెళ్ళనంటున్న ఏజెన్సీ శాఖలకు తనంతట తాను వెళ్తానన్న అధికారిని బ్యాంకు ఎంత ప్రేమగా చూస్తుందో చెప్పలేను. ఆదిలాబాద్ వైపు కొన్నాళ్ళు, కోరాపుట్ వైపు కొన్నాళ్ళు, తరువాత నాగపూర్. ప్రతి ఊళ్ళోనూ గది దొరికింది, మెస్సు దొరికింది, “ఇంకా పెళ్ళి కాలేదా సార్” అనే అటెండరూ దొరికాడు.

ఊరు మారితే ఆకర్షణ మారదు. కానీ ఊరు మారడం వృథా కూడా కాదు. హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల మనలాంటివాళ్ళ బృందాలుంటాయి, ఎదురుగా కూర్చుని మాట్లాడే మనుషులు దొరుకుతారు. చిన్న ఊళ్ళో ఫోనే దిక్కు. కాబట్టి కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పారిపోవడానికి కాకుండా, అక్కడ ఫలానా పని చేయాలని వెళ్ళండి. చేతిలో సంపాదన లేకుండా ఇంట్లో చెప్పి బయటపడినవాళ్ళ అవస్థ చూశాను. ముందు ఉద్యోగం, అద్దె కట్టగల స్తోమత, నమ్మకమైన ఒక్క స్నేహితుడు. చెప్పడం ఆ తరువాత.

విదేశాల మాట. అమెరికాలో 2015 జూన్ నుంచి దేశమంతటా స్వలింగ వివాహానికి గుర్తింపు ఉంది, భాగస్వామికి డిపెండెంట్ వీసా కూడా వస్తుంది. అదే జంట శంషాబాద్‌లో దిగగానే మన చట్టం దృష్టిలో ఇద్దరు స్నేహితులు. ఇక గల్ఫ్. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఎందరో వెళ్ళే కువైట్‌లో పురుషుల మధ్య సంబంధం ఇప్పటికీ జైలుశిక్ష పడే నేరం. జీతం ఎక్కువని సంతకం పెట్టే ముందు ఇది తెలిసి ఉండాలి.

ఉద్యోగం మానేసి కౌన్సెలింగ్ చదువుతానని ఇంట్లో చెప్పిన రోజు గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి. గేని అని చెప్పినప్పుడు నాన్నగారు ఒక పూట భోజనం మానేశారు. బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చానని చెప్పినప్పుడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. పెన్షన్ వచ్చే ఉద్యోగం అంటే ఆయన తరానికి ఏమిటో అప్పుడు అర్థమైంది.

అపోహ: ఇది జబ్బు, మందు ఉంది.

వాస్తవం: లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసింది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో ఇదే మాట చెప్పింది. మార్చడానికి చేసే కన్వర్షన్ థెరపీ, డాక్టర్లకు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని మద్రాసు హైకోర్టు ఆదేశాల తరువాత 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ స్పష్టం చేసింది. అయినా హార్మోన్ ఇంజెక్షన్లు పొడిపించుకుని వచ్చేవాళ్ళు ఆగలేదు. వేలకు వేలు పోశారు. మగ హార్మోన్ తక్కువైతే ఇలా అవుతుందని ఎవరో చెప్పారట. పరీక్ష చేయిస్తే మామూలుగానే ఉంటుంది. “ఇంకో కోర్సు వాడితే” అంటారు ఆ ఎవరో.

దిగులు, నిద్ర పట్టకపోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన, వీటికి మాత్రం చికిత్స ఉంది, తప్పక తీసుకోవాలి. ఈ మూడోది ఉంటే నా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇక గబగబా మరికొన్ని. అమ్మ గారాబం వల్ల, అక్కచెల్లెళ్ళ మధ్య పెరగడం వల్ల ఇలా అవుతుందా? కాదు, అలా పెరిగినవాళ్ళలో నూటికి ఎక్కువమంది పెళ్ళాం పిల్లలతో హాయిగా ఉన్నారు. గేలంతా సినిమా, ఫ్యాషన్ రంగాల్లోనే ఉంటారా? నా దగ్గరికి లారీ యజమాని వచ్చాడు, లెక్కల మాస్టారు వచ్చారు, సర్వేయరు వచ్చాడు. గే అంటే ట్రాన్స్‌జెండరా? కాదు. ఇప్పటికీ నేరమా? కాదు, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, వయోజనులు ఇష్టపూర్వకంగా పెట్టుకునే సంబంధాన్ని, దాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ నుంచి తప్పించింది. కాబట్టి యాప్‌లో పరిచయమై “పోలీసులకు చెబుతాను, ఇంట్లో చెబుతాను” అని డబ్బు గుంజేవాడికి పైసా ఇవ్వవద్దు. నేరం వాడిది. సందేశాలు చెరపకుండా ఉంచి సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోన్ చేయండి. ఒకసారి ఇస్తే వాడు నెల నెలా అద్దెలాగా వసూలు చేస్తాడు.

అపోహ: వీళ్ళ ప్రేమలు నిలవవు, ముసలితనంలో దిక్కుండదు.

వాస్తవం: నిలిచేవి నిలుస్తాయి, పోయేవి పోతాయి, అందరివీ అంతే. నా సహచరుడిది కడియం వైపు, నర్సరీల కుటుంబం. విశాఖలో మొక్కల వ్యాపారం చేస్తాడు. నేను అద్దెకు దిగిన ఇంటి మేడ మీద కుండీలు సర్దడానికి వచ్చి, నేను పెంచుకుంటున్న కరివేపాకు మొక్కను చూసి “దీనికి నీళ్ళు ఎక్కువ పోసి చంపుతున్నారు” అన్నాడు. అలా మొదలైంది. అప్పటికి నాకు నలభై దగ్గరపడుతోంది, ఇక నాకు రాసిపెట్టి లేదనుకున్న వయసు. ఇప్పుడు సంక్రాంతికి అతను రాకపోతే మా అమ్మ నన్ను అడుగుతుంది, “బాబు ఎక్కడ? అరిసెలు ఎవరికి చేశాననుకున్నావు?” అని. అతనెవరో ఆవిడ బంధువులకు ఎప్పుడూ వివరించలేదు. వాళ్ళూ అడగడం మానేశారు.

దిక్కుండదన్న భయంలో కొంత నిజం మన చట్టంలో ఉంది. హైదరాబాదులో ఉండే ఒక జంట ముందు నిలిచి వేసిన వివాహ హక్కు కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టివేసింది. అయితే కలిసి ఉండడానికి అడ్డు లేదు. తండ్రి నిర్బంధించిన ఒక అమ్మాయి తన సహచరితో ఉండవచ్చని 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే చెప్పింది. పెళ్ళి లేనిచోట కాగితాలే దిక్కు, కాబట్టి పాత బ్యాంకు అధికారిగా కొన్ని చెబుతాను.

ఉమ్మడి ఖాతా తెరవవచ్చు, భాగస్వామిని నామినీగా పెట్టవచ్చు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ దీన్ని స్పష్టం చేసింది. కౌంటర్‌లో ఎవరైనా “బంధుత్వం ఏమిటి” అని సాగదీస్తే ఆ ప్రకటన చూపించండి. కానీ నామినీ అంటే వారసుడు కాదు. డబ్బు అతని చేతికి వస్తుంది, హక్కు మాత్రం చట్టబద్ధ వారసులదే. వీలునామా లేకుండా పోతే పెళ్ళీ పిల్లలూ లేని హిందూ పురుషుడి ఆస్తి ముందుగా తల్లికి వెళుతుంది, ఆవిడ లేకపోతే తండ్రికి, ఆయనా లేకపోతే తోబుట్టువులకు. ఇరవై ఏళ్ళు కలిసి బతికిన మనిషి పేరు ఆ వరుసలో ఎక్కడా లేదు. జీవిత బీమాలో కూడా సొమ్ము పూర్తిగా సొంతమయ్యే నామినీలు తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలే. అందుకే వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు కావాలి, ఆస్తి పొందేవాళ్ళు సాక్షులుగా ఉండకూడదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, రేపు మానసిక చికిత్స అవసరమైతే మీ తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టవచ్చు. రక్తసంబంధమే ఉండనక్కరలేదు. మేమిద్దరం ఒకరి పేరు ఒకరం రాసుకున్నాం. వీలునామాలూ అదే రోజు పూర్తి చేశాం. ఒక సాక్షి మా చెల్లెలు. రెండో సాక్షి నా పాత బ్యాంకు సహోద్యోగి. సంతకం పెట్టే ముందు ఆయన ప్రతి పేజీ చదివి, అడగకుండానే అక్షర దోషాలు దిద్దిపెట్టారు.